మిషను డాక్టర్ గారి సొంత సర్వర్

మా షాపు వెబ్‌సైటు తెరవగానే ముందు మా అన్నయ్య కనిపిస్తాడు. చేతిలో స్పానర్, మొహంలో లోకంలోని కుట్టుమిషన్లన్నీ తన చేతుల మీదుగానే బాగుపడ్డాయన్నంత ధీమా. ఆ స్పానర్‌ని తిరగేసి పట్టుకున్నాడని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఫొటో కింద పెద్ద అక్షరాలతో ‘మిషను డాక్టర్’ అని ఉంటుంది. ఆ డాక్టరు నేను.

నాన్న పోయాక షాపు మా ఇద్దరి చేతికీ వచ్చింది. ముందు గదిలో అన్నయ్య కొత్త మిషన్లు అమ్ముతాడు. మాటకారి, రాయికైనా మిషను అంటగట్టగలడు. వెనక గదిలో నేను పాత మిషన్లు విప్పి బాగుచేస్తాను. మేడ మీద ఒక వైపు అన్నయ్యా వదినా ఉంటారు, రెండో వైపు ఒక గదిలో నేనుంటాను. నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ, అందులోనూ పెద్దమనిషి మా అన్నయ్యే.

సైటు మొదలుపెట్టింది కూడా నేనే. కంపెనీలు తయారీ మానేసిన పాత మిషన్ల సంగతి ఎవరికీ పట్టదు. వాటిని విప్పి, లోపలి భాగాలకి ఒక్కొక్కదానికీ పెన్సిలుతో బొమ్మ వేసి, ఎలా తియ్యాలో ఎలా బిగించాలో కింద రాసేదాన్ని. ప్రతి బొమ్మ మూలనా షాపు రబ్బరు ముద్ర వేసేదాన్ని. ఆ ముద్రలో షాపు పేరు నాన్న చేతిరాతలో ఉంటుంది, అది చూస్తే నాకు గర్వంగా ఉండేది. సైటు చూసిన వాళ్లు దారం తెగుతోందనీ కుట్టు వదులవుతోందనీ ప్రశ్నలు పంపేవాళ్లు. నేను జవాబు రాసి చివర ‘మీ మిషను డాక్టర్’ అని పెట్టేదాన్ని. ఫొటో దగ్గరకి వచ్చేసరికి, “ఆడమనిషి స్పానర్ పట్టుకుంటే ఎవరు నమ్ముతారే బుజ్జీ?” అన్నాడు అన్నయ్య. నిజమే కదా అనుకుని అతని ఫొటో నేనే తీశాను.

మొదట్లో సైటు ఎవరో ఉచితంగా ఇచ్చిన చోట ఉండేది. బొమ్మలు పెరిగాక వాళ్లు చోటు చాలదన్నారు. ఇక ఏదైనా హోస్టింగ్ కంపెనీకి అద్దె కట్టి వాళ్ల కంప్యూటర్లలో పెట్టుకోవాలి, లేదా ఇంట్లో ఒక కంప్యూటర్‌ని రేయింబవళ్లు నడిపి అందులోంచే లోకానికి చూపించాలి.

“అద్దె కట్టేద్దాం అన్నయ్యా. పీడా వదిలిపోతుంది,” అన్నాను.

అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. “ముక్కూమొహం తెలియని వాడి దగ్గర మన సరుకు పెడతావా? రేపు రేటు పెంచుతాడు. ఎల్లుండి ఎవడో ఏదో అన్నాడని తీసి అవతల పారేస్తాడు. అప్పుడు ఎవరి కాళ్లు పట్టుకుంటావ్? మనదంటూ ఉంటే మన చేతిలో ఉంటుంది.”

ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను. నా ఒళ్లు మండేది అందుకే.

మెట్ల కింది అలమారలో చీపుర్లు తీసేసి, అక్కడ పాత కంప్యూటర్ ఒకటి పెట్టాడు. దానికో బుల్లి ఫ్యాను. షాపుకి ఎవరొచ్చినా తలుపు తీసి “మన సొంత సర్వర్” అని చూపించేవాడు. వదిన దానికి చంటిపిల్లాడని పేరు పెట్టింది. ఆ చంటిపిల్లాడి ఊడిగం మాత్రం నాది. వదిన ఇస్త్రీ పెట్టె పెట్టిందంటే ఫ్యూజు ఎగిరిపోయేది, దాంతోపాటు సైటూ పోయేది. గట్టిగా వాన పడితే ఇంటర్నెట్ పోయేది. అన్నయ్య దుమ్ము దులుపుతానని వైర్లన్నీ పీకి, ఏది ఎక్కడ పెట్టాలో తెలియక నన్ను కేకేసేవాడు. నేను చేతి నూనె తుడుచుకుంటూ మెట్ల కింద దూరేదాన్ని. ఈలోగా ఎక్కడో ఎవరో నా జవాబు కోసం వచ్చి, ఖాళీ తెర చూసి వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి రోజుల్లో ఒక కుట్టు శిక్షణ కేంద్రం నుంచి మెయిలొచ్చింది. పాత మిషన్ల మరమ్మతుని తమ దగ్గర పాఠంగా పెడతారట. మా సైటునే పుస్తకంలా వాడతారట, అది రాసిన మనిషినే గురువుగా పెట్టుకుంటారట. సైటు ఆగకుండా నడవాలన్నది ఒక్కటే షరతు. కొన్నాళ్లు గమనించి, డైరెక్టరమ్మ స్వయంగా వచ్చి మాట్లాడుతుందట.

ఆ మెయిలు చదివి నా గదిలో ఒక్కదాన్నే అటూ ఇటూ తిరిగాను. నలభై దాటాక మొదటిసారి ఎవరో నా పని చూసి రమ్మంటున్నారు. నా మొహంతో, నా పేరుతో, పదిమంది ఎదురుగా నిలబడి నాకొచ్చింది చెప్పడం. ఆ ఉద్యోగం నాకు కావాలనిపించింది. నా బతుకులో దేన్నీ అంతగా కోరుకోలేదు.

“అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కసారికి హోస్టింగ్ తీసుకుందాం. డబ్బు నేనే కడతాను.”

“నీ డబ్బూ నా డబ్బూ ఏంటే? మన సర్వర్ ఆగదు. ఆగితే మీసం తీసేస్తా.”

“నీకు మీసం లేదు కదన్నయ్యా.”

“పెంచి మరీ తీసేస్తా.”

నిజంగానే నడుం బిగించాడు. బ్యాటరీ కొన్నాడు. ఇంకో ఇంటర్నెట్ లైను వేయించాడు. ఎవరూ పీకకుండా ప్లగ్గుకి టేపు చుట్టాడు. ఇస్త్రీ పెట్టెని ఎక్కడో దాచేశాడు. వదిన నలిగిన బట్టలతో తిరుగుతూ, “చంటాడికి ఒళ్లు వెచ్చగా ఉంది, ఓసారి నాడి చూడవే డాక్టరమ్మా,” అని నన్ను ఆటపట్టించేది. నేను నవ్వేదాన్ని కానీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగేదాన్ని. మిషను విప్పుతూ విప్పుతూ లేచి సైటు చూసుకునేదాన్ని.

సైటు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగి ఉంటే నేను బాగుపడేదాన్నేమో.

డైరెక్టరమ్మ వచ్చిన పొద్దున, ఇస్త్రీ లేని బట్టల్లోనే మంచివి చూసి వేసుకున్నాను. వెనక గదిలో ఒక పాత మిషను విప్పి భాగాలన్నీ వరసగా బల్ల మీద పేర్చాను, ఆవిడకి చూపించాలని. ముందు గదిలోకి అడుగుపెడుతూనే ఆవిడ అన్నయ్యని చూసి, “మీరేగా డాక్టరు గారు!” అంది. ఫొటోలో మొహం ఎదురుగా ఉంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? నేను గుమ్మంలో నిలబడి అన్నయ్య కాదంటాడని చూశాను. అన్నయ్య నవ్వాడు.

“రండి, సర్వర్ చూద్దురుగాని,” అని అలమార తలుపు తీశాడు. లోపల పచ్చ దీపాలు మెరుస్తున్నాయి. “అంతా సొంతమేనండీ. ఎవడి మీదా ఆధారపడం.”

“ఇంత పట్టుదల ఉన్న మనిషే మాకు కావాలి. ఆ బొమ్మలు ఎంత బాగున్నాయో!”

“నేను వేశానండీ ఆ బొమ్మలు,” అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది.

“మా చెల్లెలండీ,” అన్నాడు అన్నయ్య. “నేను చెప్తుంటాను, తను గీస్తుంటుంది. చెయ్యి మంచిది.”

“అవునమ్మా, గీత చాలా శుభ్రంగా ఉంది,” అని ఆవిడ నా భుజం తట్టింది. వెనక గదిలోకి రానేలేదు. ఉద్యోగం అన్నయ్యకి ఖాయం చేసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నాకు కోపం ఆగలేదు. “పాఠం ఏం చెప్తావ్ నువ్వు? షటిల్‌కీ బాబిన్‌కీ తేడా తెలుసా నీకు?”

“నువ్వు పక్కనే ఉంటావుగా. నేను మాట్లాడతాను, నువ్వు విప్పి చూపించు. నలుగురిలో నోరు విప్పడం నీకు ఎటూ రాదు. జీతం వచ్చేది మనింటికేగా, ఎందుకే అంత ఆవేశం?”

“అయితే సైటు నేను తీసుకెళ్లిపోతాను. అద్దె కట్టి వేరే చోట పెట్టుకుంటాను.”

“మా సైటుని నువ్వెక్కడికి తీసుకెళ్తావ్?”

వడ్డిస్తున్న వదిన చెయ్యి ఆగిపోయింది. అన్నయ్యకి మాత్రం తనేమన్నాడో తెలియలేదు, మంచినీళ్లు తాగుతున్నాడు. ఇన్నేళ్లూ మన షాపు, మన సైటు, మన సర్వర్. ‘మన’లోంచి నన్ను తీసేస్తే మిగిలేది ‘మా’. తిట్టాలని తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టేదాన్ని. ఆ మాట అనుకోకుండా వచ్చింది, అంటే ఎప్పటినుంచో లోపల అలాగే ఉందన్నమాట. కంచం ముందునుంచి లేచిపోయాను.

మర్నాడు అన్నయ్య షాపు మెయిలు పాస్‌వర్డ్ మార్చేశాడు. నేను హోస్టింగ్ కొన్నాను. నా బొమ్మలు కాగితాల మీద నా దగ్గరే ఉన్నాయి కాబట్టి అన్నీ మళ్లీ స్కాన్ చేసి ఎక్కించాను. పైన నా పేరు, నా ఫొటో, చేతిలో స్పానర్, అదీ సరైన వైపు. చూసుకుని ఏడ్చాను, సంతోషంతోనే. డైరెక్టరమ్మకి ఆ సైటు అడ్రస్ పంపి, బొమ్మలూ రాతలూ అన్నీ నావేనని, దయచేసి చూడమని రాశాను.

ఆవిడ జవాబు వచ్చింది. “మీ సైటు తెరుచుకోవడం లేదమ్మా. మీ అన్నయ్యగారిది మాత్రం చక్కగా నడుస్తోంది.”

వెంటనే సైటు తెరిచి చూస్తే ఆ మాట నిజమే. హోస్టింగ్ కంపెనీ నా సైటుని తీసేసింది. అందులో ఉన్నవి వేరొకరి బొమ్మలని ఫిర్యాదు వచ్చిందట. అసలు కాగితాలు ఫొటో తీసి పంపాను. ప్రతి కాగితం మీదా ఆ షాపు ముద్రే కనిపిస్తోంది, కాబట్టి ఆ షాపు యజమాని చేత ఒక్క మాట రాయించుకు రండి అన్నారు. షాపు లైసెన్సు అన్నయ్య పేరు మీదే ఉంది. ఆ ముద్రలన్నీ నా చేత్తో నేను వేసుకున్నవే.

కోపం నషాళానికి ఎక్కి అన్నయ్య మీదకి వెళ్లాను. “నువ్వేగా ఫిర్యాదు చేసింది?”

“నాన్న మీద ఒట్టు, నేను కాదే!” అన్నాడు. అబద్ధమాడితే అన్నయ్య ముక్కు ఎర్రబడుతుంది. ఎర్రబడలేదు. “అయినా నేను మొదటే చెప్పానా లేదా? ఎవడో ఏదో అంటే తీసి పారేస్తాడని?”

“చెప్పావు. ఇప్పుడు బొమ్మలు నావేనని ఒక్క ముక్క రాసివ్వు.”

అన్నయ్య కౌంటరు మీద లేని దుమ్ముని తుడిచాడు. “అలా రాస్తే డైరెక్టరమ్మ ముందు నా పరువేం కాను? నిన్నెవరు పొమ్మన్నారే? ఇక్కడే ఉండు. నీకేం తక్కువ చేశాను?”

లెక్క వేసి చూసుకున్నాను. తిండి, గది, ఆప్యాయత, అన్నీ ఉన్నాయి.

ఫిర్యాదులో ఏముందో కంపెనీ వాళ్లని అడిగితే పంపారు. “నా మిషను మూలపడితే ఆ డాక్టరు గారు సొంత మనిషిలా ఓపిగ్గా చెప్పి దాన్ని బతికించారు. ఇప్పుడు ఒకావిడ ఆయన బొమ్మలన్నీ ఎత్తుకెళ్లి తన మొహం తగిలించుకుంది. ఇలాంటి దొంగల్ని ఊరికే వదలకండి.”

కింద పేరు చూడగానే రాసిన మనిషెవరో తెలిసిపోయింది. పిల్లల బట్టలు కుట్టి బతికే ఆవిడ, అత్తగారు ఇచ్చిపోయిన ఆకుపచ్చ మిషను. ఎన్ని మెయిల్సో రాసుకున్నాం. మిషను గురించి మొదలుపెట్టి తన కష్టాలు కూడా చెప్పుకునేది, నాకు తోచిన ధైర్యం నేను చెప్పేదాన్ని. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. నా కోసమే నా మీద పోట్లాడుతోంది పిచ్చితల్లి. వెంటనే రాశాను. “మీ ఆకుపచ్చ మిషను ఎలా ఉందండీ? అమ్మెయ్యమని ఇంట్లో వాళ్లు పోరుతుంటే, మీ అత్తగారి గుర్తని దాచుకున్నారు. మీకు జవాబులు రాసింది నేనే.”

గంటలో జవాబిచ్చింది. “ఆ సంగతులు డాక్టరు గారికి తప్ప పురుగుకి కూడా చెప్పలేదు. అంటే నేను ఆయనకి రాసుకున్నవి నువ్వు దొంగచాటుగా చదివావన్నమాట. సిగ్గు లేదూ?”

ఆ మెయిలు మూసేసి, విప్పి పెట్టిన మిషను ముందు కూర్చున్నాను.

షాపు మెయిలుకి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. అన్నయ్య ఫోనులో చదివి వినిపిస్తాడు, నేను చెప్పింది టైపు చేస్తాడు. మానేద్దామనుకున్నాను కానీ అడిగేవాళ్లు నాకేం అన్యాయం చేశారు? ఆ మధ్యాహ్నం కూడా వెనక గదికి వచ్చి గుమ్మంలో నిలబడి, ముందు తను చూసుకోకుండానే గబగబా పైకి చదవడం మొదలుపెట్టాడు.

“‘డాక్టరు గారికి నమస్కారం. మీ మెయిల్స్ ఎవరో ఆడమనిషి దొంగతనంగా చదువుతోంది, జాగ్రత్తగా ఉండండి. మీ బొమ్మలు కూడా ఆవిడే ఎత్తుకెళ్లింది. మీలాంటి మంచి మనిషికి ఇలా జరగడం చూసి కడుపు తరుక్కుపోయింది. వెనక్కి కుట్టేటప్పుడు మళ్లీ దారం తెగుతోందండీ...’”

అక్కడ చదవడం ఆపేశాడు. ఫోను మీంచి తల ఎత్తలేదు.

“ఏం రాయమంటావే?” అన్నాడు.

“నిజం రాయి అన్నయ్యా.”

అతని బొటనవేలు తెర మీద అటూ ఇటూ కదిలింది కానీ ఒక్క అక్షరం కొట్టలేదు. ఈ ఒక్క మనిషికైనా చెప్తాడని నేను చేతిలో పని ఆపి ఎదురుచూశాను.

“దారం సంగతి ఏం రాయను?” అని అడిగాడు.

పాపం ఆవిడ మిషను ఆగిపోతే ఆవిడ పొయ్యి ఆగిపోతుంది. సూది మార్చి, అప్పటికీ తెగితే షటిల్ అంచు గరుకుగా ఉందేమో వేలితో తడిమి చూడమని చెప్పాను. అన్నయ్య అంతా టైపు చేసుకుని, చివర తన అలవాటు ప్రకారం ‘మీ మిషను డాక్టర్’ అని పైకి చదువుకుంటూ కొట్టి పంపేశాడు.