పిల్లల వార్డు ఖాళీగా ఉన్న రెండేళ్ళు

లోరెట్టా కర్టెన్లు వేడినీళ్ళలో మళ్ళీ ఉతికింది, వారంలో ఇది మూడోసారి. తివాచీలు ఎప్పుడో తీసేసింది. పిల్లిని చెల్లెలికిచ్చేసింది. అయినా సెప్టెంబరు మూడోవారం ఆస్తమా ఉన్న ఎనిమిదేళ్ళ కొడుకు వెస్లీ బడి నుంచి జలుబు మోసుకొచ్చాడు, ఊపిరందక కెనడాలోని ఆ విన్నిపెగ్ ఊరి ఆసుపత్రిలో చేరనే చేరాడు.

"నువ్వు ఇంట్లో ఉన్న రెండేళ్ళూ వాడు తుమ్మనైనా తుమ్మలేదమ్మాయ్. ఆఫీసుకెళ్ళడం మొదలెట్టావు, చూశావా" అంది అత్తగారు బెర్నీస్ ఫోన్లో. "అమ్మ మాటలో తప్పేముంది? ఉద్యోగం మానెయ్" అన్నాడు మొగుడు డారిల్. నిజమే కాబోలనుకుని రాజీనామా కూడా రాసిపెట్టుకుంది, పిచ్చిది.

ఆమె ఉద్యోగం ఆ ఆసుపత్రి రికార్డుల్లోనే. ఏ బిడ్డ ఏ జబ్బుతో చేరిందో టైపు చెయ్యాలి. కరోనా రోజుల్లో ఇంటినుంచే చేసింది. బళ్ళు మూసి, తెరిచాక మాస్కులు కట్టించి, తరగతికో గాలి వడబోసే యంత్రం పెట్టిన ఆ రెండేళ్ళూ ఊపిరి జబ్బులతో చేరిన పిల్లల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్క తన చేతుల్తోనే ఎక్కించింది. అయినా తన బిడ్డ దగ్గరికొచ్చేసరికి తప్పంతా తనదేననుకుంది. ఆ రెండేళ్ళూ ఊళ్ళో తల్లులందరూ ఒక్కసారిగా మంచి తల్లులైపోయారా ఏం?

వెస్లీ బడికి రాడని చెప్పడానికి వార్డు నుంచే టీచరు మిస్ పెన్నర్‌కు ఫోన్ చేసింది.

"అయ్యో, ఆ గాలి యంత్రం ఉంచాల్సిందండీ. జూన్‌లో తల్లిదండ్రుల మీటింగులో వెస్లీ వాళ్ళ నాన్నగారే అన్నారుగా, 'మా ఇంట్లోనే ఆస్తమా పిల్లాడున్నాడు, మాకే అక్కర్లేదు, మీకెందుకీ రొద' అని. ఆయనే అన్నాక ఇంకెవరు మాట్లాడతారు? తీసేశాం. మీకు తెలుసనుకున్నాను."

లోరెట్టా ఫోన్ పెట్టేసింది. డారిల్ కన్నబిడ్డ జబ్బును పదిమంది ముందు సాక్ష్యం పెట్టి, నేరం తెచ్చి ఆమె నెత్తిన రుద్దాడు. ఆమె కర్టెన్లు ఉతుకుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

డారిల్ వార్డులోకి రాగానే నిలదీసింది.

"నేను హాకీ కోచ్‌ని, అందరిముందూ గాలికి కూడా భయపడే పిరికివాడిలా కనబడమంటావా? ఏదో మాటవరసకన్నాను. దానికింత రాద్ధాంతమెందుకు" అన్నాడు.

ఇంతలో నర్సు కాగితాలతో వచ్చింది. "ఈమధ్య పిల్లాడి చుట్టూ ఏమైనా మారిందా?"

"ఈవిడ మళ్ళీ ఆఫీసుకెళ్తోంది" అన్నాడు డారిల్ గబుక్కున.

కేస్ షీటులో ఒకసారి ఎక్కింది చెరగదని లోరెట్టాకు బాగా తెలుసు. కొడుకు ముఖాన ఆక్సిజన్ గొట్టం సర్దింది.

"తరగతిలో గాలి యంత్రం తీసేశారు. తీయించింది తండ్రి. అలాగే రాయండి" అంది. "రేపు దాన్ని టైపు చేసేది నేనే."