ఎలుగుబంటిని ఎందులో దాచాలి

ముంచింగిపుట్టు దాటాక కొండ మీదుండే ఒక ఊళ్ళో ఫల్గుణ మోరి సన్నాయి ఊదితే థింసా ఆడేవాళ్ళ కాళ్ళు వాటంతటవే కదులుతాయి. అంతవరకూ నిజం. ఫల్గుణ మాత్రం అక్కడితో ఆగడు. తన పాట వినడానికి ఓ మబ్బు కొండ మీద ఆగిపోయి కురవడం మరిచిపోయిందంటాడు. పచ్చి పనసకాయలు విని విని చెట్టునే పండిపోయాయంటాడు. అలాంటివాడు ఎలుగుబంటి వచ్చి తన పాటకు ఆడిందంటే ఎవరు నమ్ముతారు?

చిక్కేమిటంటే, ఈసారి అది నిజంగానే జరిగింది.

పనసతోటలో ఫోన్‌ను రాయికి ఆనించి, తన వాయింపును తనే వీడియో తీసుకుంటున్నాడు. కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. పళ్ళ వాసనకు వచ్చిన ఎలుగు ఆయన వెనక రెండు కాళ్ళ మీద లేచి, కాసేపు అటూ ఇటూ ఊగి, తన దారిన తను పోయింది. ఆ సంగతి ఇంటికొచ్చి వీడియో చూసుకున్నాకే ఫల్గుణకు తెలిసింది. ముందు తలుపు గడియ వేశాడు, తర్వాత మీసం లేచింది. ఊరందరికీ చూపిద్దామని పరిగెత్తుతూ వాగులో జారాడు. ఫోన్ మునిగి తెర నల్లబడింది.

"ఎలుగు ఈదుకుంటా ఎల్లిపోనాదేటి బావా?" అన్నాడు బుధు. ఫల్గుణ భార్యకు తమ్ముడు, అదే జట్టులో డప్పు కొడతాడు. బావను ఏడిపించకపోతే అతనికి తిన్నది అరగదు.

సంతరోజున ఇద్దరూ ముంచింగిపుట్టులో ప్రసన్న సెల్‌ఫోన్ల కొట్టుకి వెళ్ళారు. ప్రసన్న ఫోన్ విప్పి ఆరబెట్టి, వేరే తెర తగిలించింది. బొమ్మ వెలిగింది. పనసచెట్టు, మోరి, మూసుకున్న కళ్ళు, వెనక నల్లగా లేచిన ఆకారం. బుధు నోట్లో చుట్ట జారి పడింది.

"సూసినావా?" అన్నాడు ఫల్గుణ.

"కళ్ళు మూసుకున్నావేటి, బయమేసిందా?"

"రాగం కోసరం మూసుకున్నాన్రా!"

ప్రసన్న నవ్వు ఆపుకుంటూ, "తాతా, ఈ ఫోను ఎప్పుడు ఆగిపోద్దో తెలీదు. బేగి వేరేదాన్లోకి తీసీయాల. దేన్లో పెట్టమంటావు?" అని మూడు రకాలు బల్ల మీద పెట్టింది. గోరంత మెమరీ కార్డు, వేలంత పెన్‌డ్రైవు, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా నల్లగా మెరిసే ఎస్సెస్‌డీ.

ఫల్గుణ చెయ్యి సూటిగా ఎస్సెస్‌డీ మీదకు పోయింది. "ఇదే. ఎలుగంటే మాటలా? ఆ సిన్నదాన్లో ఐతే కాళ్ళు ముడుసుకుని తొంగోవాల, పాపం."

"ఇందులో ఓ మూలకి కూడా రాదు తాతా నీ ఎలుగు. ఇది రోజూ బోలెడు సినిమా తీసేవోళ్ళకి. నువ్వు ఎవరికి సూపిత్తావు?"

"ఊరందరికీ. పంచాయతీ టీవీలో."

"అలాగైతే పెన్‌డ్రైవు. టీవీ ఎనకాల గుచ్చితే సాలు. కార్డు ఫోన్లో ఐతే బాగుంటాది గానీ, బయటికి తీస్తే దుమ్ములో పడిపోద్ది, ఎతుక్కోలేవు. సరే గానీ, ఇంట్లో ఎక్కడ పెడతావు?"

"ఎక్కడేటి? ఆనపబుర్రలో బూడిదేసి పొయ్యి మీద యేలాడగడతాను. ఇత్తనాలు అలాగే కదా బతుకుతున్నాయి."

"ఓలమ్మా! ఆ యేడికి ఇది సచ్చిపోద్ది. పొగ పురుగుని సంపుద్ది గానీ, దీనికి పురుగు పట్టదు తాతా. సల్లగా, తడి లేనికాడ పెట్టు. ఏడాదికోసారి గుచ్చి సూసుకో. ఇంకో మాట, ఏ రకం కొన్నా ఒక్కదాన్నే నమ్ముకోకు. ఇవన్నీ సెప్పకుండా పోతాయి."

ఫల్గుణ గడ్డం గోక్కున్నాడు. వాళ్ళ ఊళ్ళో ఏ ఇల్లూ తన విత్తనమంతా తనే దాచుకోదు. సగం ఇంకో ఇంట్లో ఉంచుతారు, ఒక ఇల్లు కాలినా రెండో ఇంట్లో విత్తనం బతుకుతుందని. దాచిపెట్టినవాడు ఆ విత్తనాన్ని తన సొంతంలా చూసుకోవాలి. దాన్ని చులకన చేస్తే తన ఇంటినే చులకన చేసుకున్నట్టు. ఫల్గుణ ఇంటి సామలు ఎప్పటినుంచో బుధు ఇంట్లోనే ఉంటాయి. అంటే ఎలుగు కూడా బుధు ఇంటికే పోవాలి. తన మాట మీద పగలబడి నవ్విన నోటికి తన సాక్ష్యాన్ని అప్పగించాలి. మనసు ఒప్పలేదు. ఎస్సెస్‌డీని ఇంకోసారి నిమిరి, పక్కన పెట్టాడు.

"రెండు పెన్‌డ్రైవులియ్యి గుంటా. ఒకటి నాకు, ఒకటి ఈడికి."

బుధు ఉలిక్కిపడ్డాడు. "నాకా? నానెప్పుడూ నీ మాట నమ్మనేదు కదేటి!"

"నమ్మమన్నానా? దాయమన్నాను."

ప్రసన్న రెండింట్లోకీ ఎక్కించి, రెండూ తెరిచి చూపించింది. రెండింట్లోనూ ఎలుగు ఊగింది. బుధు తనదాన్ని రెండు చేతులా అందుకుని, విత్తనాల మూటను అందుకున్నట్టే నుదుటికి ఆనించుకుని, లోపలి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో జీపు కిక్కిరిసి ఉంది. "ఏటి ఫల్గుణా, నీ ఎలుగు బాగుందా?" అని ఎవరో ఎగతాళి చేశారు. ఫల్గుణ నోరు తెరిచేలోపే బుధు అందుకున్నాడు.

"ఏటి నవ్వుతారు? నా జేబులో ఉంది ఎలుగు! తాటిసెట్టంత లేసింది. మా బావ మోరి ఊదితే ముందు కాలేసింది, ఎనక్కాలేసింది, మన ఆడోళ్ళకన్నా బాగా ఆడీసింది. అనుమానమున్నోడు రేపు పంచాయతీకాడికి రండి!"

జీపు మలుపు తిరిగేసరికి ఎలుగుబంటికి ఒక పిల్ల కూడా పుట్టింది. అదీ ఆడిందట. ఫల్గుణ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుని, మీసం దువ్వుకుంటూ, తన కథను ఇంకొకరి నోట విన్నాడు.