బ్రాకెట్లో రాసింది

"ముందు వాడికి రెండు పెసరట్లు పోసివ్వమ్మా. ఆ ఉపన్యాసం తర్వాత రాద్దువుగాని" అంది మా అత్తగారు దుర్గాంబ. అట్టూ ఆయనకే, ఉపన్యాసమూ ఆయనకే.

మా ఆయన ఆత్రేయ బందరు కోర్టులో లాయరు. ఏటా రాజ్యాంగ దినోత్సవం నాడు ఆడపిల్లల కాలేజీలో స్త్రీల హక్కుల గురించి మాట్లాడతాడు. మాట్లాడేది ఆయన, రాసేది నేను. చదువుకునే హక్కు, పనిచేసే హక్కు, నోరు విప్పే హక్కు, అన్నీ పోపు వాసనేసే ఈ చేత్తోనే రాస్తాను. ఆయన ముందుగా ఒక్కసారైనా చదువుకోడు. పోయినేడు బ్రాకెట్లో "ఇక్కడ ఆగి నీళ్ళు తాగండి" అని రాస్తే, దాన్ని కూడా మైకులో గంభీరంగా చదివేశాడు. పిల్లలు పగలబడి నవ్వి చప్పట్లు కొట్టారు. "చూశావా, ఎంత రెస్పాన్సో" అన్నాడు ఇంటికొచ్చి. నేనేం చెయ్యాలో పదిహేనేళ్ళుగా నిర్ణయిస్తున్నది ఈ బుర్రే.

నేనూ లా పాసయ్యాను, ఆయనకంటే మంచి మార్కులతో. లాయరుగా ఎన్‌రోల్ అవుతానంటే, "ఇంట్లో ఇద్దరు లాయర్లుంటే అది కాపురం కాదే, కోర్టు" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. నిన్న మళ్ళీ దరఖాస్తు నింపి ఎదురుగా పెట్టాను. దాని మీద కాఫీ గ్లాసు పెట్టుకున్నాడు.

"ఇప్పుడివన్నీ ఎందుకు నాగశ్రీ. రేపటి స్పీచ్ సంగతి చూడు. ఆడవాళ్ళ ఉద్యోగాల గురించి కాస్త గట్టిగా రాయి."

కాగితం మీద గుండ్రటి మరక పడింది. కోపం కూడా రాలేదు నాకు, అసహ్యం వేసింది.

గట్టిగానే రాశాను.

కాలేజీలో మూడో వరసలో కూర్చున్నాను. ఆయన చివరి పేజీ తిప్పాడు.

"స్త్రీ ఏ వృత్తి చేపట్టాలో ఇంకొకరు నిర్ణయించడం అన్యాయం" అని గొంతు పెంచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ హుషారులో ఆగకుండా చదివాడు. "నా భార్య నాగశ్రీ పదిహేనేళ్ళ క్రితమే లా పాసైంది. ప్రాక్టీసు వద్దన్నది నేనే. ఈ ఉపన్యాసం రాసింది కూడా ఆవిడే."

"నేనే" దగ్గర గొంతు తడబడింది. కానీ కాగితం మీద ఏముంటే అది చదివే నోరు కదా, అలవాటు కొద్దీ బ్రాకెట్లో ఉన్నది కూడా చదివేసింది.

"ఇక్కడ ఆగండి. మిగతాది ఆవిడ మాట్లాడుతుంది."

ఆయన ఆగాడు. నేను లేచాను.