బొమ్మ కడుపులో నీళ్లు

లెఫ్టేరిస్ వంగి ఆ ఉక్కు బొమ్మను వేలి కణుపుతో తట్టాడు. నడుము ఎత్తున తడితే ఖంగుమంది. మోకాలి ఎత్తున తడితే ఇసుక బస్తాను కొట్టినట్టు మొద్దుగా పలికింది. మళ్లీ పైన తట్టాడు, మళ్లీ కింద తట్టాడు. ఇక అనుమానం లేదు. లోపల మోకాలి దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి.

దాని పేరు ‘ఆటు’, ఆటుపోట్లలోని ఆటు. ఓడ పక్కటెముకల్లా వంపు తిరిగిన రెండు పెద్ద రేకులు ఒకదానిమీద ఒకటి వాలి, అంచులు అతుక్కుని, లోపల బోలుగా నిలబడి ఉంటాయి. ఎత్తు నాలుగు మీటర్లు. నలభై ఏడేళ్లపాటు పోర్ట్ కెల్లర్ ఓడల కార్ఖానా గేటు ముందు, ఉప్పుగాలిలో నిలబడి కూడా అది చెక్కు చెదరలేదు. కార్ఖానా స్థలం అమ్ముడుపోయాక రెండేళ్ల కిందట మున్సిపాలిటీ వాళ్లు దాన్ని క్రేనుతో లేపి తెచ్చి, ఆర్ట్ గ్యాలరీ ముందున్న పచ్చికలో పాతారు. ఈ రెండేళ్లలోనే కింది అతుకు దగ్గర తుప్పు కన్నీటి చారలా కారడం మొదలైంది.

ఎందుకు కారుతోందో లెఫ్టేరిస్‌కు తెలుసు. ఆ అతుకు వేసింది అతనే.

అప్పుడు అతనికి ఇరవై నాలుగేళ్లు. కాలిమ్నోస్ అనే గ్రీకు ద్వీపం నుంచి వలస వచ్చి ఏడేళ్లయింది. కార్ఖానాలో అందరూ లెఫ్టీ అని పిలిచేవారు. ఒకరోజు హెస్టర్ లైల్ అనే శిల్పి చంకలో ఒక అట్టముక్కల నమూనా పెట్టుకుని రేకులు కోసి వంచే ప్లేటింగ్ షాపులోకి వచ్చింది. నలభై దాటిన మనిషి, మగవాళ్ల ఓవరాల్ తొడుక్కుంది. నమూనా మూరెడుంది. దాన్ని నాలుగు మీటర్లు చేయాలంది. ఫోర్‌మన్ లెఫ్టేరిస్‌ను పిలిచి, “ఈవిడ ఏం చెబితే అది చెయ్యి, మమ్మల్ని మాత్రం విసిగించనీకు,” అని అప్పజెప్పాడు.

మూడు నెలలు ఇద్దరూ పోట్లాడుకుంటూ పనిచేశారు. పైన రెండు రేకులూ కలిసే చోట వేలెడు సందు వదలాలని ఆవిడ పట్టుబట్టింది. ఉత్తరపు గాలి వీచినప్పుడు అది సన్నగా ఊళ వేయాలట.

“ఊళ సరే. వాన పడితే ఆ సందులోంచి నీళ్లు లోపలికి దిగవూ?” అన్నాడు లెఫ్టేరిస్.

“దిగితే దిగనీ. దాని గురించి నువ్వాలోచించు.”

అతను ఆలోచించాడు. అడుగున, సముద్రం వైపు మూలలో, ఇరవై మిల్లీమీటర్ల రంధ్రం చేశాడు. లోపల పడ్డ చుక్క పడ్డట్టే బయటికి పోయేది. ఇప్పుడు పచ్చికలో పాతేటప్పుడు బొమ్మ ఒరిగిపోకుండా దాని పాదాన్ని జానెడు లోతున కాంక్రీటులో దించారు. రంధ్రం కాంక్రీటు కిందికి పోయింది. పైగా రోజూ పొద్దున్నా సాయంత్రమూ పచ్చికకు నీళ్లు చిమ్మే గొట్టాలు దాన్ని నెత్తి నుంచి తడుపుతూనే ఉన్నాయి.

లెఫ్టేరిస్ నేరుగా గ్యాలరీ లోపలికి వెళ్లాడు. బల్ల దగ్గరున్నామె అంతా విని, నవ్వుతూ ఒక ఫారం చేతికిచ్చింది. అందులో ‘ఈ కళాఖండంతో మీ సంబంధం’ అని ఉంది. దాని కింద గళ్లు. కళాకారులు, కళాకారుల కుటుంబ సభ్యులు, దాత, పరిశోధకులు, సందర్శకులు.

“నేను ఇందులో ఏదీ కాదమ్మా. దాన్ని చేసింది నేను.”

“అయితే కళాకారులు అనే గడిలో టిక్కు పెట్టండి.”

“కళాకారిణి ఆవిడ. చచ్చిపోయి ఇరవై ఏళ్లయింది. నేను తయారుచేశాను.”

ఆమె ఫారంలోకి ఇంకోసారి తొంగిచూసింది. “అయితే సందర్శకులు అనండి. ఎవరైనా దాని కిందికే వస్తారు.”

అతను సందర్శకుడి గడిలో టిక్కు పెట్టి, కింద ఉన్న రెండు గీతల్లో పట్టక, ఫారం వెనక్కి తిప్పి బొమ్మ గీసి మరీ రాసిచ్చాడు. ఆరు వారాలు గడిచినా జవాబు రాలేదు.

ఏడో వారం గ్యాలరీలో కళాఖండాల సేకరణ చూసే అధికారి ఇమొజెన్ టెరెల్ అతన్ని పిలిపించింది. ముప్పై ఏళ్లుంటాయేమో, మర్యాదగల పిల్ల. కాఫీ ఇచ్చింది. అతను తెచ్చిన ఫోటోను జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని చూసింది. అందులో సగం అయిన బొమ్మ పక్కకు పడుకోబెట్టి ఉంది. దాని నోట్లోంచి రెండు బూట్లు బయటికి వచ్చి ఉన్నాయి.

“ఇది మీరా?”

“బూట్లు నావి. లోపల పడుకుని వెల్డింగ్ చేస్తున్నాను.”

“మొహం కనిపిస్తే బాగుండేది,” అంది ఇమొజెన్ నొచ్చుకుంటూ. “దీని డ్రాయింగులేమైనా ఉన్నాయా లెఫ్టేరిస్ గారూ? ఆ రంధ్రం ఉన్నట్టు చూపించే కాగితం ఏదైనా?”

“డ్రాయింగును షాపు నేలమీదే సుద్దతో గీశాం. పనయ్యాక ఊడ్చేశాం.”

ఆమె నిట్టూర్చింది. “మీ మాట నమ్మనని కాదు. కానీ నా దగ్గరున్న ఫైల్లో రంధ్రం సంగతి లేదు. కాగితం లేకుండా కాంక్రీటు కొట్టడానికి బీమా వాళ్లు ఒప్పుకోరు. శిల్పాల మరమ్మతు నిపుణుడు అడిలైడ్ నుంచి సెప్టెంబర్లో వస్తున్నాడు. ఆయన చూసేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.”

“ముట్టుకోవద్దు సరే. ఆ నీళ్లు చిమ్మే గొట్టాన్నైనా పక్కకు తిప్పించమ్మా.”

“అది పార్కుల శాఖ కిందికి వస్తుందండి.”

పార్కుల శాఖకు వెళితే, బొమ్మ గ్యాలరీది కదా అన్నారు.

ఇంటికొచ్చి లెఫ్టేరిస్ కుర్చీలో కూలబడ్డాడు. భార్య స్టమాతీయా స్క్విడ్లు కడుగుతోంది. యాభై ఏళ్లుగా ఈ మనిషి కోపాల్ని చూస్తున్న మనిషి.

“ఏమయ్యా, మళ్లీ ఆ ఆడమనిషి దగ్గరికేనా?”

“ఏ ఆడమనిషే?”

“అదే, ఆ ఇనప మనిషి. నా మోకాళ్లు తుప్పు పట్టి రెండేళ్లయింది. నన్ను తట్టి చూశావా ఎప్పుడైనా?”

“నీకు డాక్టరున్నాడు కదే!”

“దానికీ వస్తున్నాడుగా సెప్టెంబర్లో.”

సెప్టెంబర్లో నిపుణుడు రాలేదు. బడ్జెట్టు సర్దుబాటు వల్ల రాక వచ్చే సంవత్సరానికి వాయిదా పడిందని ఇమొజెన్ ఉత్తరం రాసింది. అదే కవర్లో ఇంకో కాగితం పెట్టింది. ‘మన కార్ఖానా, మన జ్ఞాపకాలు’ అనే సభ గ్యాలరీలో జరుగుతోందనీ, అతను వచ్చి ‘ఆటు’ గురించి మాట్లాడాలనీ ఆహ్వానం. లెఫ్టేరిస్ ప్రాణం లేచివచ్చింది. నలుగురి ముందూ చెబితే ఎవరు కాదంటారు? పెళ్లిళ్లకు తొడిగే కోటు తీయించి ఇస్త్రీ చేయించాడు.

సభకు అరవై మంది దాకా వచ్చారు. వేదికమీద రెండు కుర్చీలు వేశారు. రాజధాని నుంచి వచ్చిన ఒకాయన ప్రశ్నలడుగుతున్నాడు. మెత్తటి గొంతు, మెడకు స్కార్ఫు.

“లెఫ్టేరిస్ గారూ, ఆ బొమ్మ లోపల పడుకుని పనిచేస్తున్నప్పుడు మీకేమనిపించింది?”

“వేడనిపించింది. లోపల యాభై డిగ్రీలు.”

జనం నవ్వారు. అతను నవ్వలేదు. “అది కాదు నేను చెప్పొచ్చింది. దానికి అడుగున ఒక రంధ్రం చేశాం. ఇరవై మిల్లీమీటర్లది. ఇప్పుడది మూసుకుపోయింది. లోపల నీళ్లు...”

“రంధ్రం,” అన్నాడు స్కార్ఫు ఆయన, కళ్లు అరమోడ్చి. “కార్ఖానా మూతపడ్డాక ఈ ఊళ్లో మిగిలిన వెలితి లాంటిది. ఎంత చక్కగా చెప్పారు!”

“వెలితి కాదయ్యా బాబూ, రంధ్రం! నీళ్లు పోయే రంధ్రం! డ్రిల్లుతో చేశాం!”

చప్పట్లు మోగాయి. ఎందుకు మోగాయో లెఫ్టేరిస్‌కు అర్థం కాలేదు. మైకు ఇంకొకరి చేతిలోకి వెళ్లిపోయింది. బయటికి వస్తూ బొమ్మ దగ్గర ఆగి చూశాడు. తుప్పు చార ఇప్పుడు అరచెయ్యంత వెడల్పయింది. అతుకు పక్కన రంగు పొక్కులు లేచింది. బొటనవేలితో ఒక పొక్కును నొక్కితే, కింద ఉక్కు బిస్కెట్టులా పొడి రాలింది. ఇంకో ఏడాది ఆగితే అక్కడ పట్టుకోవడానికి లోహమే మిగలదు.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు, “రొట్టె తెస్తాను,” అని చెప్పి బయల్దేరాడు. సంచిలో చార్జింగ్ డ్రిల్లు, పన్నెండు మిల్లీమీటర్ల కొత్త బిట్టు, సీసాలో కాస్త నూనె ఉన్నాయి. దొంగలా కాకుండా గేటులోంచే వెళ్లాడు. తోటలో అప్పటికే ఒకావిడ కుక్కను తిప్పుతోంది. బెంచీమీద ఇద్దరు ముసలాళ్లు పేపరు చదువుతున్నారు. అతను మోకాళ్లమీద కూర్చుని, కాంక్రీటుకు బెత్తెడు పైన సుద్దతో గుర్తు పెట్టాడు. బిట్టు నూనెలో ముంచి ఆనించాడు. ఉక్కు చుట్టలు చుట్టలుగా రాలింది. మూడు నిమిషాలు పట్టింది.

బిట్టు బయటికి లాగగానే నల్లటి నీళ్లు ఎగజిమ్మి అతని ఛాతీని తడిపేశాయి. చచ్చిన చేపల కంపు. అతను పక్కకు జరిగాడు. ధార మూడడుగుల దూరం దూకి, పచ్చిక దాటి, కాలిబాట మీదుగా గ్యాలరీ గుమ్మం వైపు పారింది. కుక్క దాన్ని చూసి మొరగసాగింది. పేపరు చదివే ముసలాళ్లు లేచి వచ్చారు.

“ఎవరు పోశారయ్యా ఇన్ని నీళ్లు?” అన్నాడొకడు.

“మున్సిపాలిటీ,” అన్నాడు లెఫ్టేరిస్.

ఇమొజెన్ పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం పాలిపోయింది. “ఏం చేశారండీ! అయ్యో, ఏం చేశారు మీరు! దాని విలువెంతో తెలుసా?”

“తెలుసు కాబట్టే చేశాను. చూడు, ఇంకా వస్తున్నాయి. ఇదంతా దాని కడుపులోనే ఉంది. ఇంకా జానా బెత్తెడు నీళ్లు అడుగున మిగిలిపోతాయి. కాంక్రీటు కొట్టించి పాత రంధ్రం తెరిపించు. విన్నావా?”

ఆమె వినడం లేదు. ఫోనులో పోలీసులతో మాట్లాడుతోంది. అంతలోనే పారుతున్న నీళ్లకేసి చూసి, చూపు తిప్పుకుంది. ధార ఆగడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. పోలీసు వచ్చేసరికి లెఫ్టేరిస్ పచ్చికలో కూర్చుని, బొమ్మను మోకాలి ఎత్తున తడుతున్నాడు. ఇప్పుడక్కడా ఖంగుమంటోంది.

కేసు పెట్టలేదు. ఏడాదిపాటు గ్యాలరీ ఆవరణలో అడుగు పెట్టకూడదని రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. ‘ప్రజల ఆస్తిని ఉద్దేశపూర్వకంగా పాడుచేసినందుకు’ అని అందులో ఉంది. స్టమాతీయా దాన్ని రెండుసార్లు చదివింది.

“డెబ్బై మూడేళ్లొచ్చాయి. రౌడీవైపోయావు,” అంది. తరవాత ఆ రోజు తడిసిన అతని చొక్కాకు పట్టిన నల్లటి మరకను మూడో ఉతుకులో కూడా వదిలించలేక తిట్టుకుంటూ, “అయినా ఆ గొట్టం తిప్పడానికి వీళ్లకేం రోగం?” అంది.

విచిత్రమేమిటంటే, పాడుచేశాడన్న కేకల పుణ్యమా అని డబ్బు పుట్టుకొచ్చింది. నిపుణుడు నవంబర్లోనే దిగాడు. నాలుగు రోజులున్నాడు. అతను పనిచేస్తుంటే లెఫ్టేరిస్ రోడ్డుకు ఇవతల బస్‌స్టాపులో నిలబడి చూశాడు. ఆవరణలోకి వెళ్లకూడదు కదా. రెండుసార్లు చేతులు నోటికి అడ్డం పెట్టి, “సముద్రం వైపు మూల! అక్కడ కొట్టు!” అని అరిచాడు. నిపుణుడు చెయ్యి ఊపాడు, ఎవరో పలకరిస్తున్నారనుకుని.

క్రిస్మస్‌కు వారం ముందు ఇమొజెన్ ఫోన్ చేసింది.

“నేను చేసినట్టు ఎవరికీ చెప్పకండి. నివేదిక వచ్చింది. కాంక్రీటు కొట్టించారు. మీరు చెప్పిన చోటే రంధ్రం ఉంది. సరిగ్గా ఇరవై మిల్లీమీటర్లు.”

లెఫ్టేరిస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “చదువు.”

ఆమె తటపటాయించి చదివింది. “‘నీరు నిలవకుండా శిల్పి హెస్టర్ లైల్ ఎంతో ముందుచూపుతో అడుగున రంధ్రం ఏర్పాటు చేశారు. లోహంపై ఆమెకున్న లోతైన అవగాహనకు ఇది నిదర్శనం.’”

“ఆవిడకు ఉక్కుకీ సత్తురేకుకీ తేడా తెలియదమ్మా. ‘దాని గురించి నువ్వాలోచించు’ అంది నాతో. సరే, ఇంకేముంది?”

“ఇంకోటుంది. నష్టాల పట్టికలో... ‘పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రం. ఒక సందర్శకుడు చేసినది.’”

“పేరు?”

“అలా చేసినవాళ్ల పేర్లు రాయకూడదండి. అది నియమం.”

“అంటే పెద్ద రంధ్రం ఆవిడది. చిన్నది ఎవడో దారినపోయేవాడిది. నష్టం కింద రాస్తే రాశారు, కనీసం అక్కడైనా నా పేరు రాయండి!”

“ప్రయత్నించాను లెఫ్టేరిస్ గారూ. నిజంగా ప్రయత్నించాను.” ఆమె గొంతు చిన్నబోయింది. “మీ ఫారం కూడా దొరికింది. వెనకవైపు గీశారు కదా, స్కాన్ చేసేటప్పుడు ముందువైపు మాత్రమే చేశారు.”

అతనికి తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. అన్నీ గ్రీకువే. ఆ పిల్లను తిట్టి ఏం లాభమని మింగేశాడు.

“లోపల ఏం పూశారు?”

“ఏమిటి?”

“నా రంధ్రం మూసేముందు లోపల తుప్పు గీకి ప్రైమర్ పూత కొట్టారా? ఏ ప్రైమరు?”

“నాకు తెలియదండి. ఉండండి, పెన్ను తీసుకుంటాను.”

అతను చెప్పాడు. జింకు ఉన్నది ఏదో, లేనిది ఏదో, ఎన్ని పూతలు, పూతకూ పూతకూ మధ్య ఎంతసేపు ఆగాలో, పైనున్న సందులోంచి బ్రష్షు ఎలా దించాలో, పొడుగాటి కర్రకు దాన్ని ఎలా కట్టాలో. ఆమె అక్కడక్కడా ఆపి మళ్లీ అడిగింది. పావుగంట పట్టింది. చివర్లో, ఇదంతా నిపుణుడికి పంపిస్తానంది. పంపేటప్పుడు ఎవరు చెప్పారని రాయాలో మాత్రం తన పై అధికారిని అడగాలంది.

అతను ఫోన్ పెట్టేశాడు. స్టమాతీయా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏమంటోంది?”

“పైవాళ్లను అడుగుతుందట.”

“దేనికి?”

“నేను ఎవరో.”

ఆమె నిమ్మకాయ పిండిన స్క్విడ్ల పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టింది. అతను రెండు ముక్కలు తిన్నాడు. మూడో ముక్క చేతిలో ఉండగానే లేచి, ఆ నీళ్ల గొట్టం తిప్పించడానికి పార్కుల శాఖ నంబరు కోసం సొరుగు వెతకడం మొదలుపెట్టాడు.