విప్పని దుప్పటి

ఉదయం ఏడుంపావుకు కోడలు మడతపెట్టి మంచం మీద ఉంచిన దుప్పటిని అత్త విప్పలేదు.

ఇరవై రెండేళ్ల కాపురంలో అది మొదటిసారి. కోడలు ఏది మడతపెట్టినా అత్త విప్పి, మోకాలి మీద వేసుకుని, అంచుకు అంచు కలిపి మళ్లీ మడతపెట్టేది. "నీ చేతికి మూల తెలీదే అమ్మాయ్" అనేది. కోడలికి పురిటి నొప్పులు వస్తున్న రోజు ఆసుపత్రి సంచిని కూడా విప్పి సర్దింది. బండి గుమ్మంలో ఆగి ఉంది. మొదట్లో కోడలు ఏడ్చింది. తర్వాత తన చేతుల్లోనే ఏదో లోపం ఉందనుకుంది. చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె ప్యాకింగ్ సూపర్‌వైజరు. ఆమె చూసి పంపిన చొక్కా వెనక్కి వచ్చింది లేదు. ఇంటికొస్తే మాత్రం అవే చేతులు ఎందుకూ కొరగానివి. "పోనిద్దూ, అమ్మ తత్వమే అంత" అనేవాడు భర్త, తన చొక్కా తల్లి చేతి మడతేనా కాదా అని చూసుకుంటూ.

ఆ ఉదయం అత్త దుప్పటిని అరచేత్తో నిమిరింది.

"ఎంత చక్కగా పెట్టావమ్మా. ఎవరి పిల్లవు నువ్వు?"

కోడలు వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగింది. మొదటి మాట కోసం ఆమె ఏళ్ల తరబడి కాచుకుని ఉంది. దాని వెనకే రెండోది వస్తుందని అనుకోలేదు.

నెల తర్వాత అత్త మందుల షాపు నుంచి ఇంటికి దారి తెలియక వీధి మలుపులో నిలబడిపోయింది. అప్పుడు ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు.

"మార్పు ఎప్పుడు మొదలైంది?" అని డాక్టరమ్మ అడిగింది.

"మొన్న దారి తప్పినప్పుడు" అన్నాడు భర్త.

"కాదండీ, దుప్పటి విప్పని రోజు" అంది కోడలు.

భర్త నవ్వాడు. "అత్తాకోడళ్ల గొడవండీ అది."

డాక్టరమ్మ నవ్వలేదు. కోడలి చేత మడతల సంగతంతా చెప్పించుకుంది. "చిన్నప్పటి నుంచీ ఇంతేనా?"

"బళ్లో పక్కపిల్లల పుస్తకాలు కూడా తనే సర్దేదట. పెద్దమ్మ చెప్పేది" అన్నాడు భర్త.

"స్వభావం ఇంతగా బిగుసుకుపోయి, తనకీ పక్కవాళ్లకీ ఊపిరాడనివ్వకపోతే దాన్ని వ్యక్తిత్వ రుగ్మత అంటాం. ఈవిడది అదేనని ఇప్పుడు చెప్పలేను. అలాంటివాళ్లలో మతిమరుపు జబ్బు కొంచెం ఎక్కువగా రావచ్చని ఒక అనుమానం ఉంది. ఆ జబ్బు ఆ స్వభావం వల్లే వస్తుందని ఎవరూ తేల్చలేదు. అందరికీ వస్తుందనీ కాదు."

అయితే లోపం తన చేతుల్లో లేదు. కోడలు అత్త చేతుల వంక చూసింది. లోకంలో ఏ అంచూ వంకరపోకుండా ఆ చేతులు పుట్టిందగ్గర్నుంచీ కాపలా కాశాయి. ఎవరు పెట్టారో ఆ కాపలా, ఎవరూ దించలేదు. ఇప్పుడు ఒళ్లో వెల్లకిలా, ఊరికే ఉన్నాయి. ఇన్నేళ్లూ వాటికి భయపడిందే తప్ప వాటిని చూడలేదు. కోడలు చూపు తిప్పుకోలేకపోయింది.

పక్కన భర్త, డాక్టరు బల్ల మీది పెన్నుల్ని ఒక వరుసలో పెడుతున్నాడు.

ఇంటికి వచ్చాక అతనన్నాడు. "నువ్వు ఉద్యోగం మానెయ్. అమ్మ సంగతి నీకు తెలిసినంత నాకు తెలీదు కదా."

"తెలుసుకోండి. నేనిప్పుడు మానేస్తే మళ్లీ పిలవరు. సోమవారం నుంచి నాకు పొద్దుటి షిఫ్టు. పొద్దున్న మీరు చూసుకోండి, సాయంత్రం నేను చూసుకుంటాను."

"నాకు బట్టలు మడతపెట్టడం కూడా రాదే."

"ఆవిడ నేర్పుతారు."

సోమవారం ఉదయం కోడలు గుమ్మంలో చెప్పులు వేసుకుంటుండగా భర్త ఒక తువ్వాలు మడతపెట్టి తల్లి పక్కన ఉంచాడు.

తల్లి దాన్ని విప్పి మోకాలి మీద వేసుకుంది.