పక్క సీటు పెడల్

మాస్టారి లెక్కలో కారు నడపడం వచ్చినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆయనకు నేర్పిన పెద్దమనిషి, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. రెండోవారెవరో వేరే చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ళంతా స్టీరింగ్ పట్టుకుని వేలాడే సంత. ముప్పై ఏళ్ళుగా డ్రైవింగ్ స్కూలు పెట్టుకుని ఆ సంతకే పాఠాలు చెప్పి పొట్ట పోసుకుంటున్నాడు కాబట్టి, జనం మీద ఆయనకున్న చులకన ఏటేటా పెరిగిందే తప్ప తగ్గింది లేదు.

ఆ ఉదయం ఆయన కూతురి పక్క సీట్లో కూర్చున్నాడు. కూతురు నర్సు. ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసి వచ్చే ఉద్యోగంలోకి ఆమెను తీసుకున్నామని చెప్పి, ఆసుపత్రివాళ్ళు నిన్న సాయంత్రం ఒక చిన్న తెల్లకారు తెచ్చి గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు. తొమ్మిదింటికల్లా ఆ కారు తనే నడుపుకుంటూ ఆసుపత్రి గేటు దగ్గరికి రావాలి, హెడ్ నర్సు కళ్ళారా చూడాలి. కారు నడపడం రానివాళ్ళకు వార్డులో రాత్రి డ్యూటీ ఎప్పుడూ ఉంటుందని ఆవిడ ముందే చెప్పేసింది. రెండేళ్ళు ఆ రాత్రి డ్యూటీలు చేసి కళ్ళ కింద నల్లచారలు తెచ్చుకున్న పిల్లకు ఈ పని ఎంత అవసరమో ఇంట్లో అందరికీ తెలుసు.

"నేనొక్కదాన్నే వెళ్తాలే నాన్నా," అంది బయల్దేరేముందు.

"నువ్వే నడుపు, ఎవరు కాదన్నారు? నేను ఊరికే కూర్చుంటా. నువ్వు గేట్లోకి తిప్పుతుంటే ఆ హెడ్ నర్సు మొహం ఎలా పెడుతుందో చూడాలి," అన్నాడు మాస్టారు, అప్పటికే బెల్టు పెట్టేసుకుని.

సందులు దాటేదాకా బండి బాగానే నడిచింది. పెద్దరోడ్డు ఎక్కగానే కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. నాలుగడుగులు కదలడం, ఆగడం. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ ఆగడం. మాస్టారికి ఇలాంటి చోట నోరు ఊరుకోదు. అద్దం దించి, ఒక్కొక్కరినీ చూస్తూ మార్కులు వేయడం మొదలుపెట్టాడు.

"ఆ నీలం కారువాణ్ణి చూడు. క్లచ్ మీద కాలు పెట్టి కాపురం చేస్తున్నాడు. ప్లేటు కాలిన వాసన మనదాకా వస్తోంది, వాడి ముక్కుకి మాత్రం అందడం లేదు. ఆ పక్కన కళ్ళద్దాలావిడ, గేరు ఎక్కడుందో వంగి వెతుక్కుంటోంది. పోగొట్టుకున్న చెవిపోగా అది? ఇక మన వెనకవాడు సరేసరి, కప్పలా గెంతుతున్నాడు. ఏ దద్దమ్మ నేర్పాడో వీడికి."

కూతురి కళ్ళు ముందు కారు లైట్ల మీద ఉన్నాయి, పెదవి పళ్ళ కింద ఉంది.

వంతెన ఎక్కడం మొదలుపెట్టాక సగం ఎత్తులో అంతా ఆగిపోయింది. కాసేపటికి ముందు కారు కదిలింది. ఆమె క్లచ్ వదిలింది. తెల్లకారు ఒక్క దగ్గు దగ్గి చచ్చిపోయింది.

"కొత్త బండి కదా," అన్నాడు మాస్టారు.

రెండోసారి కూడా అంతే. మూడోసారి ఇంజను ఆగడంతోపాటు బండి వెనక్కి జారింది. వెనకవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. మాస్టారి కాలు తనకు తెలియకుండానే ముందుకు దూసుకెళ్ళి కాళ్ళ కింది పట్టాను గట్టిగా తొక్కింది. అక్కడేమీ లేదు. మళ్ళీ తొక్కాడు. బండి తాపీగా జారి, వెనక కారు బంపరుకు ఆనుకుని ఆగింది.

"హ్యాండ్ బ్రేకు లాగు. నలభై రోజులు నేర్పాను నీకు. గాడిదకు నేర్పినా ఈపాటికి లైసెన్సు తెచ్చుకునేది. ఏం చేస్తున్నావసలు ఆ కాలితో?"

"స్కూలు కారులో చేసినట్టే చేస్తున్నా నాన్నా."

ఆ మాట నిజమే. ఆ నిజం ఎలాంటిదో మాస్టారికి ఒక్కడికే తెలుసు. స్కూలు కారులో ఆయన సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. ఆయన క్లచ్ తొక్కితే నేర్చుకునేవాళ్ళ పెడల్ కూడా దిగుతుంది, ఆయన వదిలితే అదీ లేస్తుంది. ఆపద వస్తే వాడమని పెట్టిన ఏర్పాటు అది. కానీ నడిరోడ్డు మీద ఒకడు తడబడుతూ బండి ఆపేస్తే, వెనకాల నలుగురు హారన్ కొడితే, కారు నెత్తిమీద స్కూలు పేరు రాసిన బోర్డు ఉంటే, మాస్టారికి తల కొట్టేసినట్టు ఉంటుంది. ఈ మట్టిబుర్రలకు ఎన్నిసార్లు చెప్పినా ఒకటేనని మొదటి ఏడాదే తేల్చేసుకుని, రద్దీలో క్లచ్ పని తనే చూసుకోవడం అలవాటు చేసుకున్నాడు. తిట్టడం నోటి పని, నడపడం కాలి పని. లైసెన్సు పరీక్ష కూడా ఆ కారులోనే. ఆఫీసరు వెనక సీట్లో కూర్చుని కాగితాలు చూసుకుంటాడు, మాస్టారు పక్కన కూర్చుని కాలు కదుపుతాడు. ముప్పై ఏళ్ళలో తన దగ్గర ఫెయిలైనవాళ్ళు లేరని బోర్డు మీదే రాయించుకున్నాడు. కూతురికి కూడా ప్రత్యేకంగా చేసిందేమీ లేదు, అందరితోపాటే ఆమె.

ఇంతలో వెనక కారువాడు దిగి, బంపరు చూసుకుని, పోట్లాటకు ముందుకొచ్చాడు. కిటికీలోకి వంగి, మాస్టారిని చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"మాస్టారూ, మీరా? నమస్కారమండీ. గుర్తుపట్టారా? ఆరేళ్ళ కిందట మీ దగ్గరే నేర్చుకున్నా. బంపరుకేం కాలేదులెండి."

దద్దమ్మ ఎవరో తేలిపోయింది.

"ఎప్పటినుంచో మిమ్మల్ని ఒకటి అడగాలనుకుంటున్నానండీ," అన్నాడతను, అమాయకంగానే. "మీ బండిలో నడిపినన్నాళ్ళూ నాకు ఒక్కసారి కూడా ఆగలేదు. సొంత బండి కొన్నాక రోజూ ఆగుతోంది. మూడు బళ్ళు మార్చాను. ఎందుకంటారు?"

ముందు వరస కదిలిందని ఎవరో అరిస్తే అతను పరిగెత్తి వెళ్ళిపోయాడు. కూతురు మాత్రం ముందుకు చూడడం మానేసింది. తండ్రి కాలి వైపు చూస్తోంది. ఆ కాలు అప్పటికీ పట్టా మీద బిగుసుకునే ఉంది.

"నా అరికాలి కింద పెడల్ మెల్లగా లేచేది," అంది. "నాకు వచ్చేసిందని ఎంత సంబరపడ్డానో. అది నీ కాలా?"

"రోడ్డు మధ్యలో బండి ఆగిపోతే నలుగురూ ఏమనుకుంటారు? పైన బోర్డు..."

"పరీక్షలో కూడానా?"

మాస్టారు తల తిప్పుకుని కిటికీలోంచి చూశాడు. అక్కడ కళ్ళద్దాలావిడ ఇంకా గేరు కోసం తంటాలు పడుతోంది. ఈవిడ కూడా తన దగ్గరే నేర్చుకుందేమోనని అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళూ జనాన్ని చూసి నవ్వుకున్న మనిషికి ఆ క్షణాన తన మీద తనకే అసహ్యం వేసింది, ఆ రుచి ఆయనకు కొత్త.

"దిగు నాన్నా," అంది కూతురు.

"వంతెన మీద దిగుతారా ఎవరైనా? పక్కనుండి చెప్తాను, నువ్వు..."

"నువ్వు పక్కనుంటే నేను నీ కాలినే నమ్ముకుంటాను. టైము ఎనిమిదిన్నర అయింది. నాకు మళ్ళీ ఆ వార్డు వద్దు. దిగు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మాస్టారికి సులువుగా ఉండేది, ఎదురు అరవడం ఆయనకు బాగా వచ్చు. బెల్టు విప్పుకుని దిగి, వంతెన గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. తెల్లకారు మళ్ళీ దగ్గి ఆగింది. ఆయన నోరు తెరిచి, మూసుకున్నాడు. ఇంకోసారి ఆగింది. వెనక హారన్లు ఏకమయ్యాయి. మూడోసారి ఆమె హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, క్లచ్ వదులుతూ వదులుతూ మధ్యలో ఒకచోట ఆపింది. ఇంజను గొంతు బరువెక్కింది. బండి ముక్కు కాస్త పైకి లేచింది. అప్పుడు బ్రేకు దించింది. కారు వణుకుతూ, అయినా ఆగకుండా, పైకి పాకింది. మాస్టారి కాలు మాత్రం చెప్పు లోపల మెల్లగా లేస్తూనే ఉంది. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఆ సంగతి ఆయన గమనించలేదు.

పక్కనుంచి పోతున్న ప్రతివాడూ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నడవడానికి నీకు ఇదే దొరికిందా పెద్దాయనా," అని ఒకడు అడిగి మరీ వెళ్ళాడు. మాస్టారు ఎవరికీ మార్కులు వేయకుండా గోడ వారగా కిందికి నడిచాడు.

వంతెన దిగి టీకొట్టు బెంచీ మీద కూలబడ్డాక చాలాసేపటికి ఫోన్ మోగింది.

"చేరాను," అంది కూతురు. "తొమ్మిదీ అయిదయింది. హెడ్ నర్సు గడియారం చూసింది. గేట్లో కూడా ఒకసారి ఆగింది, అదీ చూసింది. మళ్ళీ కదిలించాక తాళాలు నన్నే ఉంచుకోమంది."

"మొత్తం ఎన్నిసార్లు ఆగింది?" నోరు జారి అడిగేశాడు.

"నువ్వు దిగాక తొమ్మిదిసార్లు."

తొమ్మిదిసార్లు ఆపినవాళ్ళ కోసం ఆయన దగ్గర మాటలకు కొదవలేదు. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. వాటిని మింగేసి, "మొదటిరోజు కదమ్మా, తొమ్మిదంటే పర్వాలేదు," అన్నాడు.

"పర్వాలేదేమీ కాదు, చాలా ఎక్కువ," అంది కూతురు. "కానీ నాన్నా, తొమ్మిదిసార్లూ ఆపింది నేనే. తొమ్మిదిసార్లూ కదిలించింది కూడా నేనే."

మొదటి రోగి ఇంటికి టైమవుతోందని చెప్పి ఫోన్ పెట్టేసింది.