బుట్ట కింద స్పాంజి

లక్ష్మీదుర్గ బందరులో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. కాలేజీలో అందరినీ పోర్ట్‌ఫోలియో తయారుచెయ్యమన్నారు. నేర్చుకున్న పనులు, వచ్చిన సర్టిఫికెట్లు, చివర్లో 'నేను పరిష్కరించిన ఒక సమస్య', దానికి రుజువుగా ఫోటో. మొదటివి ఎలాగో సర్దింది. చివరిదాని దగ్గర ఆగిపోయింది. ఇంట్లో సమస్యలకు లోటు లేదు గానీ, తను పరిష్కరించింది మాత్రం ఒక్కటీ లేదు.

మంగినపూడిలో వాళ్లమ్మ అంకమ్మ చేపలమ్ముతుంది. తెల్లారగానే పడవల దగ్గర కొని, ఐసు వేసి, బుట్టతో బందరు మార్కెట్‌కి వెళ్లాలి. నీళ్లు కారతాయని ఆటోవాళ్లు ఎక్కించుకోరు. దుర్గ ఆ సంగతే తీసుకుని, 'బుట్ట కింద పెట్టడానికి ప్రత్యేకమైన తొట్టి తయారుచేశాను. ఆరు నెలలుగా పన్నెండుమంది మహిళలు హాయిగా ఆటోల్లో వెళ్తున్నారు' అని రాసేసింది. ఊళ్లో ఆగి ఉన్న శోభనాద్రి ఆటో పక్కన తల్లిని నిలబెట్టి, నవ్వమని ఫోటో తీసింది.

సోమవారం కాలేజీలో దయామణి మేడమ్ అది చదివి చాలా సంతోషించారు. "శనివారం పొద్దున్నే వస్తాను దుర్గా. మీ అమ్మగారితో పాటు ఆ ఆటోలో నేనూ ఎక్కుతాను," అన్నారు.

ఇంటికెళ్లి చెప్పక తప్పలేదు. అంకమ్మ పొలుసు గీకుతూనే అంతా వింది.

"ఆ పన్నెండుమందీ ఎవరే?"

"ఊరికే రాశానమ్మా."

"నన్ను నవ్వమన్నది ఇందుకా. సరే, వాళ్ల సంగతి తర్వాత. ముందు నన్నొక్కదాన్నీ ఎక్కించు, చూద్దాం."

మంగళవారం తెల్లారేసరికి దుర్గ ఆటో దగ్గర నిలబడింది. "బాబాయ్, మా అమ్మ బుట్ట ఎందుకు ఎక్కించుకోవు?"

"పాత ఆటోలో ఎక్కించుకున్నానమ్మా," అన్నాడు శోభనాద్రి. "ఉప్పునీళ్లకి అడుగు రేకు తుప్పుపట్టి ఊడిపోయింది. మాస్టారుగారి భార్య చెప్పు ఆ కన్నంలోంచి రోడ్డు మీద పడింది. వెనక్కెళ్లి ఎంత వెతికినా దొరకలేదు. ఆవిడ ఇప్పటికీ నా ఆటో ఎక్కదు."

"ఒక్క చుక్క కూడా కారకపోతే?"

"అప్పుడు ఎక్కించుకోనా? నాకు చేపల మీద పగేమన్నా ఉందా?"

దుర్గ బుట్టను పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి ఎక్కించింది. బుట్టలోంచి కారిన నీళ్లన్నీ తొట్టిలో చేరాయి. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర అవన్నీ లేచి శోభనాద్రి వీపు మీద పడ్డాయి. అతను ఆటో ఆపి, చొక్కా విప్పి పిండుకుని, మళ్లీ తొడుక్కున్నాడు. దుర్గ చున్నీతో అతని సీటు తుడిచింది.

బుధవారం తొట్టి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి కట్టింది. మలుపు దగ్గర పట్టా ఊడి నీళ్లన్నీ అంకమ్మ కాళ్ల మీద పోయాయి. "నా కాళ్లు కడగమని ఎవరన్నారే నిన్ను?" అంది అంకమ్మ.

ఆ రోజు క్లాసులో దుర్గకి పాఠం ఎక్కలేదు. శోభనాద్రి చొక్కా పిండిన దృశ్యమే కళ్లముందు ఆడింది. నీళ్లు కారకుండా ఆపలేం. కానీ చొక్కా తాగిన నీళ్లు, పిండేదాకా చొక్కాలోనే ఉన్నాయి కదా. సాయంత్రం సీట్లు కుట్టే షాపుకెళ్లి స్పాంజి ముక్కలు అడిగింది.

"దేనికమ్మా?" అన్నాడు షాపాయన.

"చదువుకండీ," అంది.

గురువారం తొట్టి అడుగున స్పాంజి పరిచి, దాని మీద రెండు చెక్కముక్కలు వేసి బుట్ట పెట్టింది. దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ దాటినా చుక్క చిందలేదు. శోభనాద్రి మధ్యమధ్యలో చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకుని చూసుకున్నాడు. మార్కెట్ దగ్గర అంకమ్మ స్పాంజిని కాలవలో పిండి, కడిగి, మళ్లీ పరిచింది. శుక్రవారం పక్కింటి తాతమ్మ బుట్ట కూడా ఎక్కింది.

శనివారం దయామణి మేడమ్ వచ్చి ఆటోలో కూర్చున్నారు. బండి కదిలీ కదలకముందే, "వీళ్లని ఎన్నాళ్లనుంచి ఎక్కించుకుంటున్నారండీ?" అని అడిగారు.

దుర్గ అద్దంలోంచి శోభనాద్రికి కళ్లు పెద్దవి చేసి చూపించింది.

"మంగళవారం నుంచండీ."

"ఆరు నెలలని రాసిందే."

"ఆరు నెలల్నుంచి నన్ను తిడుతోందండీ అంకమ్మక్క, ఎక్కించుకోవట్లేదని. దాని గురించి రాసిందేమో."

మేడమ్ దుర్గ వైపు తిరిగారు. "మరి పన్నెండుమంది?"

"ఇద్దరమండీ," అంది అంకమ్మ. "నేనూ, తాతమ్మా. ఇంకొకావిడ అడిగింది గానీ స్పాంజి చాల్లేదు."

దుర్గ తల వంచుకుని, చెప్పు పోయిన సంగతి దగ్గర్నుంచి స్పాంజి దాకా జరిగిందంతా చెప్పింది.

"ఆ పేజీ తీసేసి మళ్లీ రాయి," అన్నారు మేడమ్. "ఏ రోజు ఏం చేశావో, ఎందుకు పాడైందో అంతా రాయి. కన్నంలోంచి పడ్డ చెప్పు సంగతి కూడా."

"మార్కులు తగ్గిస్తారా మేడమ్?"

"అబద్ధానికి తగ్గిస్తాను. స్పాంజికి వేస్తాను."

ఈలోగా అంకమ్మ బుట్ట మీద గోనె తీసి, మంచి పండుగప్ప చేపని మేడమ్‌కి చూపించింది. బందరు కోనేరు సెంటర్ వచ్చేలోపే బేరం అయిపోయింది.

పది రోజుల తర్వాత గుడివాడ నుంచి దుర్గకి ఫోనొచ్చింది. శోభనాద్రి మేనకోడలు రాజకుమారి, అక్కడ డిగ్రీ చదువుతోంది.

"అక్కా, మా మావయ్య ఆటోకి స్పాంజి తొట్టి కనిపెట్టాడంట గదా. మాక్కూడా పోర్ట్‌ఫోలియో పెట్టమన్నారు. నువ్వు రాసిన పేజీ కాస్త పంపుతావా?"

మావయ్య కనిపెట్టాడన్న మాటని దుర్గ సరిదిద్దకుండా వదిలేసింది.

"పంపను గానీ, ఆదివారం తెల్లారి ఐదింటికి రా," అంది. "మూడో బుట్టకి ఆటోలో చోటు కుదరట్లేదు. అది నీకు వదిలేస్తున్నాను. వచ్చేటప్పుడు పాత చొక్కా ఒకటి తెచ్చుకో."